ఒక్క టైరా, నాలుగూనా? ఆటోనగర్ మేస్త్రీ కొలిచి చెప్పిన లెక్క

మా కారుకి మూడు టైర్లు ఒక కంపెనీవి, ఒకటి వేరే కంపెనీది. ఆ ఒక్కటీ మారిస్తే సరిపోతుందా, నాలుగూ మార్చాలా అని నెలల తరబడి తేల్చుకోలేకపోయాను. అడిగిన ప్రతివాళ్ళూ ఏదో ఒకటి గట్టిగా చెప్పేవాళ్ళే కానీ ఎందుకో చెప్పేవాళ్ళు లేరు. చివరికి మార్చింది రెండు. అది కూడా విజయవాడ ఆటోనగర్ లోపల ఒక చిన్న షెడ్డులో మేస్త్రీ గారు నా కళ్ళ ముందు కొలిచి, నేలమీద సుద్దతో గీసి చూపించాక. ఈ రివ్యూ ఆ షెడ్డు గురించి. పేరు రాయొచ్చా అని అడిగితే ఆయన వద్దన్నారు. ఇద్దరు కుర్రాళ్ళతో నడిపే పని, జనం ఎక్కువైతే ఇలా ఒక్కో టైరూ కొలిచే టైం ఉండదు సార్ అన్నారు. కాబట్టి పేరు రాయను, అక్కడ జరిగింది మాత్రం పూర్తిగా రాస్తాను. మీ ఊళ్ళో మీరు వెళ్ళే షాపులో ఇవే అడగండి.

ముందు కారు సంగతి. 2018 స్విఫ్ట్ జెడ్ఎక్స్ఐ పెట్రోలు, టైరు సైజు 185/65 ఆర్15. 2021లో 45 వేల కిలోమీటర్ల దగ్గర నాలుగు టైర్లూ ఒకే కంపెనీ, ఒకే మోడల్ కొత్తవి వేయించాను. మా అమ్మాయి హైదరాబాద్‌లో చదువుతోంది కాబట్టి నెలకోసారి అటు వెళ్ళొస్తాం, మిగతాదంతా ఊళ్ళో తిరుగుడే. ముందు టైర్లు వెనక్కి, వెనకవి ముందుకి మార్చే రొటేషన్ మాత్రం ఒక్కసారి కూడా చేయించలేదు. అది నా తప్పే, దాని ఫలితం కింద అంకెల్లో కనిపిస్తుంది.

2025 జనవరిలో హైదరాబాద్ నుంచి వస్తుంటే రాత్రి పదిన్నరకి సూర్యాపేట దాటాక ముందు ఎడమ టైరు ఏదో ఇనుప ముక్క మీద ఎక్కి సైడ్‌వాల్ దగ్గర రెండంగుళాలు చీరుకుపోయింది. సైడ్‌వాల్ కోసుకుంటే పంచర్ వెయ్యడం కుదరదు. స్ట్రిప్ వేసినా లోపల ప్యాచ్ వేసినా అది నేలకి తగిలే భాగానికే, పక్క గోడకి కాదు. ఒక లారీ డ్రైవర్ ఆగి టార్చి పట్టుకుంటే స్టెప్నీ వేసుకున్నాను. మా కారు స్టెప్నీ 14 అంగుళాల స్టీల్ రిమ్, టైరు కూడా సన్నం. దాంతో మెల్లగా నడుపుకుంటూ రోడ్డు పక్కన తెరిచి ఉన్న ఒక టైర్ల షాపుకి చేరాం. నా టైరు కంపెనీ వాళ్ళ దగ్గర లేదు. సైజు మాత్రం ఉంది, వేరే కంపెనీది, కొత్తదే అని చూపించారు. వెనక సీట్లో మా ఆవిడ, మా అమ్మ. ఆ టైంలో బేరం ఆడే ఓపిక ఎవరికి ఉంటుంది? వేయించుకుని వచ్చేశాం. ఆ టైరుని ముందు ఎడమ పక్కే బిగించారు.

మర్నాటి నుంచే స్టీరింగ్‌లో తేడా తెలిసింది. తిన్నటి రోడ్డు మీద చెయ్యి కాస్త వదులు చేస్తే బండి కుడివైపుకి లాగుతోంది. మనం ఎడమన నడుపుతాం కాబట్టి కుడికి లాగడమంటే డివైడర్ వైపు, డివైడర్ లేని రోడ్డయితే ఎదురు బండి వైపు. గంటసేపు హైవే మీద స్టీరింగుని కొద్దిగా ఎడమకి పట్టి ఉంచడం వల్ల భుజం నొప్పి పుట్టేది. అలాగే వేసవంతా నడిపాను. ఆగస్టులో ఒకరోజు గుంటూరు నుంచి వస్తూ కాజ టోల్‌గేట్ దాటాక, మంగళగిరి వైపు, జోరు వానలో రోడ్డు మీద నిలిచిన నీళ్ళలోకి ఎనభైలో దిగాను. కుడివైపు ముందు చక్రం కింద నేల లేనట్టు అనిపించింది, ఎడమది మాత్రం పట్టుకునే ఉంది, స్టీరింగ్ చేతిలో విసురుగా తిరిగింది. ఒక్క క్షణమే. కానీ మా అమ్మ వెనక నుంచి నా భుజం పట్టుకుంది, ఆ చెయ్యి బెంజి సర్కిల్ దాకా తియ్యలేదు. ఇక దీన్ని వాయిదా వెయ్యకూడదని ఆరోజే నిర్ణయించుకున్నాను.

మొదట వెళ్ళింది ఊళ్ళో ఒక పెద్ద షాపుకి. ఏసీ రూం, కాఫీ మిషన్, గోడ నిండా టైర్లు. అలైన్‌మెంట్, అంటే చక్రాలు తిన్నగా ఉండేలా సరిచెయ్యడం, చేశారు, 600 తీసుకున్నారు. లాగడం పోలేదు. వారం తర్వాత మళ్ళీ వెళ్తే మళ్ళీ అలైన్‌మెంట్, మళ్ళీ 600. పోలేదు. అప్పుడు "నాలుగు టైర్లూ మార్చేయండి సార్, ఇన్నాళ్ళు ఎలా తిరిగారు, ప్రాణాలతో ఆటలాడకూడదు" అన్నారు. ఎందుకు నాలుగూ అని అడిగితే "ఒకటి వేరే కంపెనీ ఉంది కదా సార్" అనే సమాధానం. సరే, మిగతా మూడూ ఎంత అరిగాయి అంటే వంగి చూసి "అయిపోయాయి సార్" అన్నారు. ఎవరూ జేబులోంచి లోతు కొలిచే గేజి తియ్యలేదు, ఒక అంకె కూడా చెప్పలేదు. ఒక్కో టైరు 5,900, నాలుగుకి 23,600, పైన నైట్రోజన్, మళ్ళీ అలైన్‌మెంట్. నాకు భయం పెట్టి అమ్మడం నచ్చలేదు. డబ్బు ఖర్చు పెట్టడానికి సిద్ధపడే వెళ్ళాను, నాకు కావలసింది కారణం.

అవి సెప్టెంబరు మొదటి రోజులు. టైర్ల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి 22వ తేదీ నుంచి తగ్గుతుందని ప్రకటించేశారు. అదే రోజు నవరాత్రులు మొదలు. ఇంద్రకీలాద్రి చుట్టూ ఆ రోజుల్లో కారు తియ్యడం కష్టమే కదా. దసరా వెళ్ళాక చూద్దామని ఆగాను. ఈలోపు హైదరాబాద్ ప్రయాణం మానేసి బస్సులో వెళ్ళొచ్చాను.

మా ఆఫీసులో ఒకాయన చెబితే అక్టోబరులో ఈ ఆటోనగర్ షెడ్డుకి వెళ్ళాను. లారీ బాడీలు కట్టే షెడ్ల మధ్య సందులో ఉంటుంది. రేకుల కప్పు, ఒక జాకీ, ఒక టైరు విప్పే మిషను, ఒక బ్యాలెన్సింగ్ మిషను, అంతే. మేస్త్రీ గారికి అరవై పైనే ఉంటాయి. నేను కథ మొదలుపెట్టగానే "ముందు బండి నేను ఒకసారి నడుపుతాను బాబూ, తర్వాత మీరు చెప్పండి" అన్నారు. నన్ను పక్కన కూర్చోబెట్టుకుని రోడ్డు మీద రెండుసార్లు అటూ ఇటూ తిప్పారు. వచ్చాక చేసిన మొదటి పని ముందు రెండు టైర్లనూ ఒకదాని చోట ఒకటి వెయ్యడం. ఎడమది కుడికి, కుడిది ఎడమకి. అవి ఒకే దిక్కుగా తిరగాల్సిన బాణం గుర్తు టైర్లు కావని పక్కన చూసుకున్నాకే విప్పారు. మళ్ళీ నడిపితే, బండి ఎడమకి లాగుతోంది!

"చూశారా బాబూ, అలైన్‌మెంట్ తప్పయితే టైర్లు మార్చినా కుడికే లాగాలి. టైర్లతో పాటు దిక్కు మారింది కాబట్టి దోషం టైర్లలోనే."

ఇరవై నిమిషాల పని. దీనికి డబ్బు తీసుకోలేదు. నేను రెండుసార్లు 600 కట్టిన చోట ఈ మాట ఎవరూ చెప్పలేదు, ఈ పరీక్ష చెయ్యాలన్న ఆలోచన కూడా ఎవరికీ రాలేదు. నాకు ఈ షెడ్డు మీద నమ్మకం అక్కడే కుదిరింది.

తర్వాత గేజి తీశారు. వేలెడంత ఉంటుంది, సన్నటి పుల్ల గాడిలోకి దిగుతుంది, లోతు ఎన్ని మిల్లీమీటర్లో చిన్న తెర మీద కనిపిస్తుంది. ఒక్కో టైరుకి లోపలి అంచు, మధ్య, బయటి అంచు, మూడు చోట్ల పెట్టి, కుర్రాడు అట్టముక్క మీద రాసుకుంటుంటే నన్ను కూడా తెర చూడమన్నారు. ముందు ఉన్న నా పాత టైరు 3.4. వెనక రెండూ 4.8, 4.7. సూర్యాపేట దగ్గర వేయించింది 7.2. కొత్త టైరుకి గాడి లోతు మామూలుగా 8 మిల్లీమీటర్ల దరిదాపుల్లో ఉంటుంది, 1.6కి వస్తే చట్టప్రకారం తీసెయ్యాల్సిందే. గాడి అడుగున చిన్న దిమ్మెలు కట్టి ఉంటాయి, టైరు అరిగి వాటితో సమానమైతే అదే 1.6. ఎక్కడున్నాయో టైరు భుజం మీద చిన్న త్రికోణమో, టీడబ్ల్యూఐ అనే అక్షరాలో చూపిస్తాయి. ఇన్నేళ్ళు కారు నడుపుతున్నా వాటిని నేను వేలు పెట్టి తడిమింది ఆరోజే.

ముందు చక్రాల మీద 7.2, 3.4. తేడా 3.8 మిల్లీమీటర్లు. అంతేనా అనుకున్నాను, పైకి అనేశాను కూడా. మేస్త్రీ గారు నవ్వలేదు, విసుక్కోలేదు. రెండు చక్రాలూ విప్పించి, ఒక్కోదానికి సుద్దతో ఒక గీత గీసి, సిమెంటు నేలమీద ఒకే గీత దగ్గర నిలబెట్టి, సరిగ్గా ఒక్క చుట్టు దొర్లించారు. మళ్ళీ సుద్ద గీత నేలకి తగిలిన చోట రెండింటికీ గుర్తు పెట్టారు. కొత్త టైరు గుర్తు ఇంచుమించు అంగుళం ముందుకి పడింది. ఆ అంగుళాన్ని నేను వంగి బొటనవేలితో కొలిచి చూసుకున్నాను. ఇంటికొచ్చి లెక్క వేశాను. ఈ సైజు టైరు చుట్టుకొలత సుమారు 195 సెంటీమీటర్లు, అంటే కిలోమీటరుకి 510 చుట్ల దాకా తిరుగుతుంది. ఈ తేడాతో చిన్న చక్రం కిలోమీటరుకి ఆరు చుట్లు ఎక్కువ తిరగాలి. విజయవాడ నుంచి హైదరాబాద్ చేరేలోపు పదహారు వందల చుట్లు! రెండు చక్రాలనీ వేర్వేరు వేగంతో తిరగనిచ్చే భాగం డిఫరెన్షియల్, మలుపుల్లో మాత్రమే పని చెయ్యాల్సింది, తిన్నటి రోడ్డు మీద కూడా మొత్తం దారంతా పని చేస్తూనే ఉందన్నమాట. లాగడం ఎటువైపు? చిన్న చక్రం వైపు, అంటే కుడికి. వానలో తేలింది ఏ చక్రం? గాడి లోతు తక్కువ ఉన్నది, నీళ్ళని పక్కకి నెట్టలేనిది, మళ్ళీ కుడిదే. నా రెండు ఇబ్బందులకీ కారణం ఆ అట్టముక్క మీద ఉంది.

ఇప్పుడు అసలు ప్రశ్న. ఒక్కటి మారిస్తే? నేను వెళ్ళింది ఆ ఉద్దేశంతోనే, నా పాత మూడింటితో కలిసే కంపెనీ, అదే మోడల్ ఒకటి తెచ్చి వేరే దాన్ని తీసేద్దామని. మేస్త్రీ గారు ఒకే మాట అన్నారు: "పేరు కలుస్తుంది బాబూ, ఎత్తు కలవదు." కొత్తది 7.8తో వస్తుంది, దాని జోడీ 3.4. తేడా ఇంకా పెరుగుతుంది. అంటే నేను ఇన్నాళ్ళూ కంపెనీ వేరు అన్నదే సమస్య అనుకుంటున్నాను. అది కూడా సమస్యే, ఒకే ఇరుసు మీద రెండు రకాల గాళ్ళు, రెండు రకాల రబ్బరు ఉంటే బ్రేకు పట్టు రెండు రకాలుగా ఉంటుంది. కానీ నా విషయంలో ఎక్కువ దెబ్బ తీసింది అరుగుదలలో తేడా.

ఒక్కటి మార్చడం సరిపోయే సందర్భం కూడా ఆయనే చెప్పారు. మిగతా మూడూ ఐదారు వేల కిలోమీటర్లే తిరిగి ఉండాలి, లోతు తేడా ఒక మిల్లీమీటరు అటూ ఇటూ ఉండాలి, అచ్చంగా అదే మోడల్ దొరకాలి. మా అపార్ట్‌మెంట్‌లో ఒకాయన ఐ20 కారుకి అలాగే జరిగింది, కొన్న నాలుగు నెలలకే గుంతలో పడి టైరుకి పక్కన ఉబ్బు వచ్చింది. ఉబ్బు వచ్చిందంటే లోపలి దారాలు తెగినట్టే, ఎంత కొత్తదైనా తీసెయ్యాలి. ఆయన ఒక్కటే మార్చుకున్నారు, ఏ ఇబ్బందీ లేదు.

మరి నాలుగు? నా వెనక రెండు టైర్లూ ఒకే కంపెనీ, ఒకే లోతు, 2021వి. పగుళ్ళు లేవు. వాటిని ఇప్పుడు పారెయ్యడం దండగ అన్నారు ఆయన. నాలుగు అమ్ముకునే అవకాశం ఉన్న మనిషి ఈ మాట అనడం నేను గమనించాను. 2021 నుంచి తిరిగిన 33 వేల కిలోమీటర్లలో ముందున్న పాత టైరు 4.6 మిల్లీమీటర్లు అరిగింది, అంటే వెయ్యికి 0.14. వెనక 4.7 ఉన్నవి ముందుకి తెచ్చినా 3 మిల్లీమీటర్లకి రావడానికి ఇంకో 12 వేలు పడుతుంది, నా తిరుగుడికి ఏడాదిన్నర. చట్టం 1.6 అన్నా వానాకాలం హైవే మీద తిరిగేవాళ్ళు 3 దగ్గరే ఆపెయ్యాలని ఆయన పట్టుదల. కాజ దగ్గర 3.4తోనే నాకు జరిగింది కాబట్టి నాదీ ఇప్పుడు అదే పట్టుదల.

నాలుగూ మార్చక తప్పని బండ్లు ఉన్నాయి. మా తోడల్లుడు అమెరికాలో సియాటిల్ దగ్గర ఉంటాడు, సుబారు అవుట్‌బ్యాక్, నాలుగు చక్రాలకీ ఎప్పుడూ ఇంజను బలం అందే బండి. అందులో నాలుగు టైర్ల చుట్టుకొలతా పావు అంగుళం లోపు తేడాలో ఉండాలని కంపెనీయే చెబుతుంది. లేకపోతే ముందు ఇరుసుకీ వెనక ఇరుసుకీ మధ్య ఉండే భాగం వేడెక్కి పాడవుతుంది, దాని రిపేరు ముందు నాలుగు టైర్ల ఖర్చు చిన్నదే. ఒక్క మేకు గుచ్చుకుని ఒక టైరు పోతే వాడు నాలుగూ మార్చాల్సి వచ్చిందని అప్పట్లో విని ఆశ్చర్యపోయాను. అక్కడ కొన్ని టైర్ల షాపుల వాళ్ళు కొత్త టైరుని మిగతా మూడింటి లోతుకి సమానంగా చెక్కి కూడా ఇస్తారట, అది తర్వాత తెలిసింది వాడికి. మన స్విఫ్టులూ ఐ20లూ ముందు చక్రాలతో నడిచేవి, వీటికి ఆ బాధ లేదు. ఒకే ఇరుసు మీద ఉన్న జోడీ సమానంగా ఉంటే చాలు.

ఆ వేరే కంపెనీ టైరు సంగతి మిగిలింది. 7.2 లోతు ఉంది కదా, కొత్తదే కదా, దానికి జోడీగా అదే మోడల్ ఒకటి కొంటే ఒక్క టైరుతో అయిపోతుందిగా అన్నాను. ఇది నాకు తెలివైన ఆలోచనే అనిపించింది, ఇప్పటికీ ప్రశ్న సరైనదే అనుకుంటాను. మేస్త్రీ గారు టైరు తిప్పి తిప్పి, పక్కన గుడ్డతో తుడిచి, టార్చి వేసి అంకెలు చూపించారు. 1419. చివరి నాలుగు అంకెల్లో మొదటి రెండూ వారం, తర్వాతి రెండూ సంవత్సరం. 2019లో 14వ వారం, అంటే ఏప్రిల్. నేను 2025 జనవరిలో 'కొత్తది' అని కొన్న టైరు అప్పటికే ఆరేళ్ళకి దగ్గరగా ఉన్న సరుకు. రెండు చేతులతో టైరుని వంచి గాడి అడుగు చూపించారు. సన్నటి పగుళ్ళు, ఎండిన చెరువు మట్టిలా. తిన్నగా ఉన్నప్పుడు ఒక్కటీ కనపడదు. రబ్బరు వాడకపోయినా ముసలిదవుతుంది, ఎండలో వేలాడదీస్తే ఇంకా త్వరగా. మా విజయవాడ మే నెల ఎండలో నేను దాని మీద ఇంటిల్లిపాదినీ ఎక్కించుకుని తిరిగాను. ఆ కోపం ఇప్పటికీ తగ్గలేదు. రాత్రి పూట హైవే మీద నిలిచిపోయిన కుటుంబానికి అలాంటిది కొత్తదని అమ్మడం చిన్న తప్పు కాదు. మీరు ఎంత తొందరలో ఉన్నా బిగించే ముందు ఆ నాలుగు అంకెలు చూడండి, ఫోను లైటు చాలు.

కాబట్టి రెండు కొత్తవి. మాట్లాడుకున్న కంపెనీ ఆయన దగ్గర లేదు, మర్నాటికి తెప్పించారు. ఒక్కోటి 5,450. బిగించే ముందే తేదీ చూపించారు, రెండింటికీ 3125, అంటే జూలై చివర, ఆగస్టు మొదట్లో తయారైన సరుకు. సైజు తర్వాత ఉండే 88 ఒక్కో టైరు మోయగల బరువుకి గుర్తు, 560 కిలోలు, పక్కన అక్షరం వేగానికి, టి అంటే గంటకి 190, హెచ్ అంటే 210. మా కారు తలుపు దగ్గర అంటించిన కాగితంతో పోల్చి, తక్కువ లేవని చూసుకున్నాం.

ఇక్కడ ఒక వాదన అయింది. కొత్త రెండూ వెనక వేస్తానన్నారు. నేను ఒప్పుకోలేదు. స్టీరింగ్ ముందు, ఇంజను బలం ముందు, బ్రేకు బరువు ముందు పడుతుంది, కొత్తవి ముందుకే అని నాకు తెలిసినవాళ్ళంతా చెబుతారు. ఆయన ఓపిగ్గా చెప్పారు, ముందు చక్రాలు జారితే స్టీరింగ్‌లో తెలుస్తుంది, యాక్సిలరేటర్ వదిలితే బండి నెమ్మదించి మళ్ళీ పట్టుకుంటుంది. వెనకవి జారితే మీకు తెలిసేలోపు బండి తోక తిరిగిపోతుంది, దాన్ని నిలబెట్టడం మామూలు డ్రైవర్ వల్ల కాదు. ఇంటికొచ్చి చూస్తే మిషెలిన్ లాంటి టైర్ల కంపెనీలు కూడా ఇదే చెబుతున్నాయి, ముందు చక్రాలతో నడిచే కార్లకి సైతం. అలా కొత్తవి వెనక, 4.8, 4.7 ఉన్న జోడీ ముందుకి.

బిల్లు పూర్తిగా రాస్తున్నాను. టైర్లు 10,900, నాలుగు చక్రాల బ్యాలెన్సింగ్ 400, రెండు కొత్త వాల్వులు 120, అలైన్‌మెంట్ 500, మొత్తం 11,920. 3.4 ఉన్న పాత టైరుకి 300 తగ్గించారు, అంటే 11,620. జీఎస్టీ బిల్లు ఇచ్చారు, టైరు నంబర్లు దాని మీదే రాశారు, రేపు కంపెనీతో ఏదైనా క్లెయిం ఉంటే పనికొస్తుందని. నైట్రోజన్ అడిగితే "మామూలు గాలిలోనే నూటికి 78 పాళ్ళు అదే ఉంది బాబూ, పదిహేను రోజులకోసారి ఉదయం పూట టైరు చల్లగా ఉన్నప్పుడు గాలి చూపించుకోండి, అది చాలు" అన్నారు.

2019 టైరుకి మాత్రం డబ్బు ఇవ్వలేదు. నా ఎదురుగానే కత్తితో సైడ్‌వాల్‌ని ఈ పక్క నుంచి ఆ పక్కకి కోసేశారు. గాళ్ళు లోతుగా కనిపిస్తున్నాయి కాబట్టి ఎవరో ఒకరు తీసుకెళ్ళి మళ్ళీ అమ్ముతారు, ఇది ఇంకొకరి బండికి ఎక్కకూడదు అన్నారు. కత్తి దిగడానికి ఆయన మోకాలు ఆనించి బలంగా లాగాల్సి వచ్చింది. ఈ ఒక్క పని కోసమైనా నేను ఈ రివ్యూ రాసేవాణ్ణి.

లోపాలు లేవా అంటే ఉన్నాయి. అలైన్‌మెంట్ మిషను వాళ్ళ దగ్గర లేదు, రెండు షెడ్ల అవతలికి పంపిస్తారు, అక్కడ నాకు గంటన్నర పట్టింది. మొత్తం మూడున్నర గంటలు. కూర్చోవడానికి ఒక ప్లాస్టిక్ కుర్చీ, పైన రేకు, చుట్టూ వెల్డింగ్ చప్పుడు. పెద్దవాళ్ళనీ చిన్నపిల్లలనీ తీసుకెళ్ళకండి. స్టాకు తక్కువ, రెండు మూడు కంపెనీలే ఉంటాయి, మిగతావి తెప్పించాలి, కాబట్టి రెండుసార్లు వెళ్ళాల్సి రావచ్చు. ఆన్‌లైన్‌లో అదే టైరు నాకు ఒక్కోటి 200 తక్కువకి కనిపించింది, ఆయన తగ్గించలేదు. ఆ తేడా ఇవ్వడానికి నాకు ఏమాత్రం బాధ లేదు. బోల్టులు మిషనుతో బిగించి వదిలెయ్యకుండా, ఎదురెదురుగా ఒక్కోటి చేత్తో బిగించి, మర్నాడు కొంచెం తిరిగాక ఒకసారి వచ్చి మళ్ళీ చూపించుకోమన్నారు. వెళ్తే రెండు నిమిషాల్లో చూసి పంపారు, డబ్బు లేదు.

చివరిలో ఆయనే స్టెప్నీ తియ్యమన్నారు. గాలి ఒత్తిడి 14 పీఎస్ఐ, చాలా తక్కువ. ఆ రాత్రి సూర్యాపేట దగ్గర దాని మీద నడిచాక మళ్ళీ ఎవరం చూడలేదు. గాలి నింపి, ఇది కూడా పాతదే, 2018ది, గాళ్ళు చూసి మోసపోవద్దు, పంచర్ షాపు దాకా మెల్లగా వెళ్ళడానికే అని చెప్పి లోపల పెట్టించారు.

ఆ రోజు నుంచి బండి లాగడం లేదు. హైదరాబాద్ వెళ్ళేటప్పుడు భుజం నొప్పి లేదు. మొన్న ఫిబ్రవరిలో, మార్చాక మూడు వేల కిలోమీటర్లు తిరిగాక, గాలి చూపించుకుందామని వెళ్తే కుర్రాడే గేజి పట్టుకొచ్చాడు. ముందు రెండూ 4.3, వెనక రెండూ 7.5. అక్టోబరులో రాసిన అట్టముక్క నేను డాష్‌బోర్డు అరలో దాచి ఉంచాను. దాని కిందే ఈ అంకెలు, తేదీ రాయించుకున్నాను. ముందువి 3కి వచ్చిన రోజున మళ్ళీ రెండు కొంటాను, అక్కడే.